మూడు చుక్కల పలక

నా భార్య గురువారం సాయంత్రం పోయింది. ఆ రోజు సంగతి ముందుగా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

పొద్దున తొమ్మిదిన్నరకు ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్ళింది. నేను బడికి వెళ్ళాను. నాలుగున్నరకు నేను ఇల్లు చేరేసరికి ఆమె అప్పటికే వచ్చి ఉంది. అంత పెందలాడే ఎన్నడూ రాదు. "ఎడమచెయ్యి గుంజుతాంది. రొంతసేపు పడుకుంటా," అంది. తన పనుల పలకను మాత్రం వంటింటి కిటికీలో దాని చోట ఆనించి పెట్టాకే పడుకుంది. మంచినీళ్ళు ఇచ్చాను. సగం తాగింది. "డాక్టరును పిలుచుకొస్తారా?" అంది. తన కోసం ఎవరినీ పిలవమని అడిగే మనిషి కాదు. చెప్పులు లేకుండానే పరుగెత్తాను. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసేసరికి వీధిలో దీపాలు పెడుతున్నారు. గుండె అన్నాడాయన. మంచం పక్కన గ్లాసులో సగం నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

మన తాలూకాలో సర్కారుకు అర్జీ పెట్టుకున్నవాళ్ళకు ఆమెను నేను పరిచయం చేయనక్కరలేదు. మిగిలినవాళ్ళకు ఒక్క ముక్క. ఆమె మార్కాపురంలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. పెళ్ళికి ముందే కర్నూలులో టైపు లోయరు, హయ్యరు పరీక్షలు పాసయింది. పేరుకు టైపిస్టే. అధికారి ఏ పూట ఏ ఊరు పోవాలో, ఎవరి జవాబు ఎన్నాళ్ళుగా ఆగి ఉందో, ఏ కాయితం ఏ కట్టలో ఉందో మాత్రం ఆమెను అడిగితేనే తెలిసేది. అధికారులు నలుగురు మారారు. మిషను, ఆమె మారలేదు. పల్లెలవాళ్ళు ఆమెను మిషనమ్మ అనేవాళ్ళు.

నేను బడిపంతులును. బి.ఏ. చదివాను. పెళ్ళయిన కొత్తలో ఆమె పని నాకు పనిలా కనిపించలేదు. ఒకరోజు ఆ మాటే అన్నాను.

"ఎవరో చెప్పింది కొట్టడమే గదా. అందులో నీదేముంది?"

ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "మీరు చెప్పేది మటుకు మీదా? బుక్కులోదే గదా," అంది. రాయి ఒకటి ఏరి పక్కన పడేసి, "మీ మాట పిల్లకాయలు మధ్యాహ్నానికి మరిచిపోతారు. నేను కొట్టిన కాయితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల," అంది.

ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు.

ఆమె పని పద్ధతి అంతా ఒక పలక మీద ఉండేది. పలకల ఊళ్ళో పలకకు విలువుండదు. గనుల దగ్గర ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. వాకిట్లో పరుచుకుంటాం, కుండల మీద మూతలు పెట్టుకుంటాం. ఆమె మటుకు చెక్కచట్రం కట్టిన చిన్న పలక ఒకటి కొనుక్కుంది. ఆఫీసు వదిలే ముందు దాని మీద బలపంతో రేపటి పనులు రాసేది. నాలుగైదు వరసలు, అంతకు మించి కాదు. సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేది. ఏదైనా గుర్తొస్తే కలిపేది. పొద్దున మళ్ళీ వెంట తీసుకుపోయేది. అయిన పని వరస తడిగుడ్డతో తుడిచేది. కానిది ఉంచేది.

"కాయితం మీద రాసుకోరాదా?" అని అడిగాను.

"కాయితమైతే కట్టలో కలిసిపోతాది. పలకైతే తుడిచేదాకా కండ్లల్లో పడతానే ఉంటాది."

ఇంకో మాట కూడా అంటుండేది. పని పలక మీద పడుకుంటే మనం మంచం మీద పడుకోవచ్చు అని. ఆమె విషయంలో అది నిజం. తల ఆనించగానే నిద్రపోయేది.

అప్పుడప్పుడు మధ్యాహ్నం విరామంలో నేను ఆ ఆఫీసు దాకా నడిచి వెళ్ళేవాణ్ణి. ఆమె పనిచేస్తుంటే కిటికీ బయట నిలబడి చూసేవాణ్ణి. ఉత్తరం కంటే ముందు కవరు కొట్టేది. ఎవరితో మాట్లాడుతున్నామో తెలియకుండా మాట ఎట్లా వస్తుంది అనేది. సంతకాలకు పెట్టే కాయితాల్లో ముఖ్యమైనది ఎప్పుడూ రెండోది. మొదటి కాయితం మీద సార్లు చూడకుండా సంతకం పెడతారట. మూడోదానికి మనసు కాఫీ మీదికి పోతుందట. "రెండోది చదువుతారు," అనేది. శనివారం మధ్యాహ్నం గుండుసూది తీసుకుని, సిరా నిండిపోయిన మిషను అక్షరాల కడుపులు ఒక్కొక్కటే గీకి శుభ్రం చేసేది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమె ముఖం ఎక్కడో దూరాన ఉన్నట్టు ఉండేది. పిలిచినా వినిపించేది కాదు.

మిషను పక్కన ఒక నీళ్ళకుండ, ఒక గ్లాసు. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి నీళ్ళిచ్చేది. తర్వాతే సంగతి అడిగేది. అందరికీ ఒకే గ్లాసా అని ఆఫీసులో మొదట గొణిగారు. "అందరి కాయితమూ ఒకే మిషను మీద కొడతాన్నా గదా," అంది. అంతటితో ఆగింది.

ఆ గ్లాసుతో నీళ్ళు తాగుతుండగానే పల్లె అవ్వను మొదటిసారి చూశాను. త్రిపురాంతకం దారిలో, రోడ్డుకు ఎడంగా, కూలివాళ్ళ పల్లె ఒకటి ఉంది. ముప్పై గడప, ఒక రేకుల చర్చి. ఊరి బావి దగ్గరికి వాళ్ళను రానివ్వరు. మైలు దూరం పోయి వాగులో చెలమ తవ్వుకోవాలి. బావి కోసం అర్జీ పెట్టడానికి అవ్వ వచ్చింది. గ్లాసు అడుగున మిగిలిన గుక్క పారబోయలేదు. దానితో కొంగు కొస తడుపుకుని మొహం తుడుచుకుంది.

"మిషనమ్మా, రొంత గట్టిగా కొట్టు తల్లీ. పైవాళ్ళకు ఇనపడాల."

"గట్టిగా కొడితే కాయితం చినుగుతాదవ్వా. మెల్లగా కొట్టినా కర్నూలు దాకా ఇనపడతాది."

"ఏమో తల్లీ. మేం గొంతు పోయేట్టు అరిచినా పక్కనున్న ఊరికే ఇనపడల్యా."

తలుపు దగ్గర నిలబడిన ఆఫీసు జవాను, దఫేదారు భాయి, నవ్వాడు. "నువ్వరిస్తే ఊరు చెవులు మూసుకుంటాదవ్వా. అమ్మ కాయితం పంపితే చదవకుండా యాడికి పోతారు?"

ఇంగ్లీషులో కొట్టినదాన్ని ఆమె తెలుగులో చదివి వినిపించింది. "ఇది నీ మాటేనా అవ్వా?" అని అడిగింది. అవ్వ తల ఊపాకే వేలిముద్రకు సిరా ఇచ్చింది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలుతున్న రోజులవి. గుడారాలు పీకుతున్నారని, పెట్టెలు లారీలకు ఎక్కుతున్నాయని అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. కొత్త రాష్ట్రం పటం బడికి ఇంకా రాలేదు. మర్నాడు తరగతిలో నల్లబల్ల మీద నేనే గీయాలి. చేతికి అలవాటు కావాలనుకున్నాను. ఆ సాయంత్రం కిటికీలో పలక కనిపిస్తే తీసుకుని, తడిగుడ్డతో తుడిచి, పటం గీశాను. చిన్న తరగతుల్లో రోజూ నలభై పలకలు తుడిపించేవాణ్ణి. పలక ఉన్నదే తుడవడానికి. అంతకు మించి ఆలోచించలేదు.

ఆమె పెరట్లోంచి వచ్చింది.

"చూడు, ఎంత బాగా కుదిరిందో," అన్నాను.

చూసింది. చాలాసేపు చూసింది.

"ఇందులో మనూరు యాడుంది?"

"ఇదిగో, ఇక్కడ."

"బాగుంది," అంది. "చెరిగిపోకుండా పట్టుకుపోండి."

ఒక పాత కవరు తీసి, దాని వెనక తన రేపటిని గుర్తున్నంతవరకు మళ్ళీ రాసుకుంది. మర్నాడు నేను పటం తీసుకుని బడికి పోయాను. తరగతిలో బాగా వచ్చింది.

ఆ తర్వాత ఆమె పద్ధతిలో కొన్ని మార్పులు వచ్చాయి. పలక కిటికీలో పై అరకు ఎక్కింది. ఏ ఉత్తరానికైనా రెండు ప్రతులతో సరిపెట్టుకోకుండా మూడోది తీసి, తన దగ్గర గుడ్డమూటలో ఉంచుకోవడం మొదలుపెట్టింది. పలక మీద చుక్కలు కూడా అప్పటినుంచే. కాని పని మీద ఒక కాయితం పంపితే పక్కన ఒక చుక్క. దానికీ జవాబు రాకపోతే ఇంకో కాయితం, ఇంకో చుక్క. మూడు చుక్కలు పడితే ఆ పని మీద ఇక కాయితం పంపేది కాదు. వరస చివర "నేనే" అని రాసేది. మర్నాడు పోయి ఆ మనిషి ఎదురుగా నిలబడేది. మూడు కాయితాలకు కదలనివాడు నాలుగోదానికి కదలడు, మనిషిని చూస్తే కదులుతాడు అనేది.

ఎందుకింత జాగ్రత్త అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

అట్లాంటి ఒక ప్రయాణంలో నేనూ ఉన్నాను. ఎవరో గొర్రెలకాపరి పొలం నకలు కనిగిరి నుంచి రావాలి. కనిగిరి మనకు దగ్గరే కానీ జిల్లా వేరు. కాయితం చుట్టూ తిరిగి రావాలి. మూడు కాయితాలు పోయాయి, ఒక్కదానికీ జవాబు రాలేదు. సెలవు రోజు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కితే ఏం ప్రయోజనం అని, పనిరోజే వెళ్దామంది. నేను సెలవు పెట్టాను. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"మూడు కాయితాలు వచ్చినాయి గదన్నా మీకు. అవి నేనే."

ఆయన తల ఎత్తాడు. నావైపు చూశాడు. "మరి ఈయన?"

"ఈయన కవరు," అంది.

గుమాస్తా నవ్వుతూ లేచి బీరువా తెరిచాడు. అరగంటలో నకలు చేతికొచ్చింది. తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. బయట కంది చేలు, ఎర్రమట్టి, దూరాన కొండలు. ఎండలో కొండలు నేలను వదిలి పైకి తేలినట్టు ఉన్నాయి. బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరు ఎక్కారో నాకు గుర్తులేదు. ఆ బస్సు ఇంకా పోతూనే ఉందని ఈ మధ్య అనిపిస్తోంది.

ఆమె పోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉందని చెప్పలేను. బడి నుంచి వచ్చి వసారాలో కూర్చుంటే మిషను గంట వినిపిస్తుంది. వరస చివర కొట్టే చిన్న గంట. తర్వాత కాయితం ఉన్న బండి వెనక్కు జరిగే చప్పుడు. మళ్ళీ వరస మొదలవుతుంది. మిషను మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో ఆమె కొండ కింద మంచులో కూర్చుని ఉంది, ముందు మిషను. కాయితం పైకి వస్తోంది. తడిగా, నల్లగా ఉంది. మీద ఏమీ లేదు. "ఏం కొడుతున్నావు?" అన్నాను. "ఆరితే కనపడతాదిలే," అంది.

పలక వాడినవాళ్ళకు తెలుసు. తడిగుడ్డ పెట్టగానే అంతా పోయినట్టు ఉంటుంది. ఆరుతున్నకొద్దీ పాత అక్షరాలు లోపలినుంచి బూడిదరంగులో తేలి వస్తాయి.

ఆమె చివరి పలక కిటికీలోనే ఉంది. ఐదు వరసలు. పొద్దున వెలుగు పక్కనుంచి పడితే అక్షరాలు లేచి నిలబడతాయి. మధ్యాహ్నం కరిగిపోయి ఒట్టి రాయి మిగులుతుంది. సాయంత్రం మళ్ళీ వస్తాయి. పెద్దకర్మకు ముందురోజు ఇల్లు కడుగుతూ మా అక్క దాన్ని చేతికి తీసుకుంది.

"ఇది గూడా కడగాల్నా తమ్ముడా?"

"వద్దక్కా."

"ఏముంది దీని మీద?"

"రేపటి పని."

"ఏ రేపు నాయనా?" అంది అక్క. మళ్ళీ తనే, చీర తగలకుండా రెండు చేతులతో పట్టుకుని, దాన్ని ఉన్నచోటే పెట్టింది.

కర్మ అయిన మూడో రోజు దఫేదారు భాయి వచ్చాడు. చేతిలో ఆమె గుడ్డమూట.

"అమ్మ కాపీలు మాస్టరూ. కొత్తగా వచ్చేటాయన చిత్తుకింద యేస్తాడేమోనని తెచ్చినా."

కిటికీలో పలక చూశాడు. దగ్గరికి పోయి, కళ్ళద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. "సారు టూరు డైరీ, అయిపాయ. గిద్దలూరు జవాబు, పోయినాది. రిబ్బను వచ్చినాది. మీటింగు కాయితాలు నేనే పంచితి. ఇదొకటే..." వేలు గాలిలో ఆగింది.

పల్లె బావి, ఓవర్సీరు. పక్కన మూడు చుక్కలు. చివర "నేనే".

అవ్వ బావి చివరికి ఈ ఏడు మంజూరైంది. ఓవర్సీరు వచ్చి, జాగా చూసి, తవ్వే చోట గుర్తుకు మేకు కొట్టాలి. ఆయన దోర్నాలలో శ్రీశైలం రోడ్డు పనుల మీద ఉన్నాడు. మార్చి లోపల పని మొదలుకాకపోతే మంజూరు మురిగిపోతుంది. మూడు కాయితాలు పోయాయి. ఆ శుక్రవారం ఆమె దోర్నాల బస్సెక్కాల్సింది.

"మరి ఇప్పుడు ఆఫీసులో ఏం చేశారు భాయీ?"

"నాలుగో రిమైండరు పంపినారు," అన్నాడు. నవ్వలేదు. "ఆ పల్లెకే ఎందుకో ఇట్ల. అప్పుడూ ఇంతే."

"అప్పుడేమైంది?"

"మీకు తెల్దా? రాజధాని లేచిపోయిన ఏడు. బావి కవరు అమ్మ రెడీగా పెట్టినాది. మర్నాడు రైల్లో కర్నూలు పొయ్యే గుమాస్తా చేతికియ్యాల. ఇయ్యలేదు. నాలుగు దినాలు డ్రాయర్లోనే ఉండిపాయ. చూసుకుని టపాలో పంపేతలికి ఆడ పెట్టెలకు మేకులు కొడతా ఉన్నారంట. యా పెట్టెలో పడినాదో, యా లారీ ఎక్కినాదో అల్లాకే ఎరుక. మళ్ళా మొదట్నుంచి రాసుకొచ్చేతలికి నాలుగేండ్లు పట్టె."

"ఎందుకియ్యలేదు?"

"అమ్మ మరిచినాది. సారు కేకలేసినాడు, పలక రాసుకుంటావు గదమ్మా, ఎట్ల మరిచినావని. తప్పు నాదే సార్ అన్నాది, అంతే. బయటికొచ్చినాక నేనడిగితి, నువ్వు మరిచేదేంది తల్లీ అని. ఇంట్లో పలక తడిసినాది భాయీ అన్నాది. వానొచ్చిందేమో అనుకుంటి."

ఆ వారం వాన రాలేదు.

ఆ మాట భాయికి చెప్పలేకపోయాను. కాఫీ ఇచ్చి పంపాను. ఇక్కడ చెబుతున్నాను. ఆ పలక తడిపింది నేను. ముప్పై గడప నాలుగేళ్ళు మైలు దూరం నడిచింది. ఆ నాలుగేళ్ళూ ఆమె నా ఎదురుగా కూర్చుని అన్నం తింది. మా మధ్య తగాదాలు లేకపోలేదు. ఒక్కదానిలోనూ ఆ మాట బయటికి తీయలేదు. పలకను పై అరకు ఎత్తింది. మూడో కాపీ తీసింది. చుక్కలు పెట్టింది. అంతే.

మూట విప్పి చూశాను. అన్నిటికంటే పైన బావి కాయితాలే ఉన్నాయి. తేదీల వరసన, అంచులు కలిపి, దారం కట్టి.

ఈ రోజు సాయంత్రం పలక కిందికి దించాను. అయిన పని వరస ఉంచకూడదు. అది ఆమె నియమం. పై నాలుగు వరసలూ తడిగుడ్డతో తుడిచాను. చెయ్యి సులభంగా రాలేదు. అవి ఆమె చివరి అక్షరాలు. పలక ఆరుతుంటే నాలుగూ లోపలినుంచి మెల్లగా తేలి వచ్చాయి. వాటి కింద ఐదోది తెల్లగా ఉంది.

మార్చి అయిపోవడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. మీరిది చదివేవేళకు ఆ రేపు దాటిపోయి ఉంటుంది.

బడికి సెలవు చీటీ రాశాను. కవరు ముందు రాశాను. ఓవర్సీరు ముందు పెట్టే కాయితాల్లో మంజూరు ప్రతిని రెండోదిగా పెట్టాను. రేపు పొద్దున పలక సంచిలో పెట్టుకుని మొదటి బస్సుకు దోర్నాల పోతాను. ఆయన బసలోంచి అడుగు బయట పెట్టకముందే గుమ్మంలో నిలబడతాను. రానంటే అక్కడే కూర్చుంటాను. వస్తే వెంటబెట్టుకుని పల్లెకు పోతాను. అవ్వ చూపించిన చోట మేకు దిగాక, ఎవరి కడవలోనైనా చారెడు నీళ్ళు అడిగి, గుడ్డ కొస తడుపుకుని, ఆ వరస తుడుస్తాను.